మూడో తీగ, ఆరో తీగ

కంప్యూటర్లకు తీగలు వేసే పనిలో రెండు కులాలున్నాయి. లాగేవాళ్ళు, కొసలు కట్టేవాళ్ళు. లాగేవాళ్ళు నిచ్చెనెక్కి, సీలింగు పలకలు జరిపి, ఎలుకల పెంటలోకి చేతులు పెట్టి, తీగను ఒక గది నుంచి ఇంకో గదికి చేరుస్తారు. కొసలు కట్టేవాడు కింద కుర్చీలో కూచుంటాడు. తీగ పైతోలు ఒలిచి, లోపలి ఎనిమిది సన్న తీగలను వరసగా పేర్చి, గోరంత ప్లాస్టిక్ ప్లగ్గులో దూర్చి, క్రింపింగ్ టూలుతో నొక్కుతాడు. అతనికి దుమ్ముండదు. మధ్యాహ్నం టీ ముందు అతనికే వస్తుంది.

వేలూరులో మణికంఠన్ అనే కాంట్రాక్టరు దగ్గర మేం ఆరుగురం పనిచేసేవాళ్ళం. ఆ కుర్చీ ఒక్క నాగప్పదే. గుడియాత్తం మనిషి, యాభై రెండేళ్ళు, కుడి మోకాలు సరిగా వంగదు. కుర్చీ పోతే ఆయనకు మిగిలేది నిచ్చెన. నిచ్చెన ఎక్కలేడు కాబట్టి, ఇక ఇల్లే. ఈ సంగతి ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు. పనిలో చేరిన రెండో రోజే నాకు ఎవరో చెప్పారు, ఆయన పోతే ఆ కుర్చీ ఎవరికి వస్తుందో కూడా.

నాగప్ప పుట్టింది మగ్గాల ఇంట్లో. గుడియాత్తంలో తెలుగు మాట్లాడే నేతవాళ్ళ వీధి అది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, రాయాలంటే వేలిముద్రో, తమిళంలో సంతకమో. కానీ ఆయన పెద్దగా నేసింది లేదు. ఆయన పని అచ్చు అతకడం. మగ్గం మీద పాత పడుగు అయిపోయే వేళకు, దాని చివర మిగిలిన పోగులకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా మెలిపెట్టి కలపాలి. లుంగీకైతే రెండు వేల పైచిలుకు. వేళ్ళకు బూడిద రాసుకుని, నేల మీద కూచుని, ముడి వెయ్యకుండా మెలికతోనే కలుపుకుంటూ పోవాలి. ఎర్రదానికి ఎర్రది, దాని పక్క తెల్లదానికి తెల్లది. ఈ కొసన రంగులు ఏ వరసలో ఉంటే ఆ కొసనా అదే వరస. ఒక్క పోగు జరిగినా చార చెడిపోయి, పడుగు పొడవునా తప్పు పరుగెత్తుతుంది. పదేళ్ళ వయసులో మొదలుపెట్టిన పని అది. మోకాలు ఆ నేలమీదే చెడింది.

మరమగ్గాలు వచ్చి అచ్చు అతికించుకునే ఇళ్ళు తగ్గిపోయాక, తొంభై ఎనిమిదిలో, బజారులో టైపింగ్ ఇన్‌స్టిట్యూటు మేడ మీద కొత్తగా పెట్టిన కంప్యూటరు క్లాసుకు కాపలా మనిషిగా చేరాడు. అక్కడ ఎనిమిది కంప్యూటర్లు. అన్నిటినీ కలుపుతూ గది చుట్టూ ఒకే ఒక నల్లటి తీగ. ప్రతి కంప్యూటరు వెనకా మూడు నోళ్ళున్న ఇనప ముక్క ఒకటి, తీగ రెండు చివర్లా మూతలు. ఏ పిల్లవాడి కాలు తగిలి ఒక్క ముక్క వదులైనా ఎనిమిదీ ఒకేసారి ఆగిపోయేవి. మాస్టరు ఒక్కో కంప్యూటరూ విప్పి చూసుకుంటూ రోజంతా గడిపేవాడు.

మూడు రోజులు చూసి నాలుగో రోజు నాగప్ప అడిగాడట. "సార్, ఇదీ ఒక పడుగే గదా. యాడో ఒక పోగు తెగింటుంది. మొదటినించి యాల ఎతుకుతావు? నడిమికి పో."

తీగను సరిగ్గా మధ్యలో ఊడదీసి, అక్కడ ఇంకో మూత బిగించాడు. గోడ వైపు సగం బతికింది. అంటే తప్పు కిటికీ వైపు. ఆ సగాన్ని మళ్ళీ సగం చేశాడు. పావుగంటలో వదులైన ముక్క దొరికింది. మాస్టరు ఆ రోజే ఆయన్ని కాపలా నుంచి తీసి లోపల పెట్టుకున్నాడు. ఈ కథను నాగప్ప నాకు కనీసం ఇరవై సార్లు చెప్పి ఉంటాడు. చెప్పిన ప్రతిసారీ పావుగంట పది నిమిషాలైంది, పది అయిదైంది.

తర్వాత ఆ నల్ల తీగలు పోయాయి. మధ్యలో ఒక పెట్టె, ప్రతి కంప్యూటరు నుంచి ఆ పెట్టెకు విడివిడిగా ఒక తీగ. ఒకటి తెగితే ఆ ఒక్కటే ఆగుతుంది, మిగతావి నడుస్తూనే ఉంటాయి. "ఆ కాలంలో ఒకడు పడితే అందురూ పడేవాళ్ళు. ఇప్పుడు ఎవుని చావు వానిదే," అనేవాడు నాగప్ప. జోకే. మేం నవ్వేవాళ్ళం.

ఆ కొత్త పద్ధతి వచ్చినప్పుడే ఆయన చేతిలో ఒక తప్పు పుట్టింది. మద్రాసు నుంచి సామాను దింపిన మనిషి, కంపెనీలో కట్టిన ఒక తీగను నమూనాగా ఇచ్చి, దీన్ని చూసి కట్టుకోండని వెళ్ళిపోయాడు. తీగలో నాలుగు జంటలు. నారింజ, దాని తోడు తెల్లనారింజ. పచ్చ, తెల్లపచ్చ. నీలం, తెల్లనీలం. గోధుమ, తెల్లగోధుమ. నమూనాలో పచ్చజంట విడిపోయి ఉంది. మూడో చోట తెల్లపచ్చ, ఆరో చోట పచ్చ, మధ్యలో దూరిన నీలంజంట. లుంగీ చారలతో పెరిగిన కన్ను అది. ఆ కంటికి అది చెడిన చార. ఎవడో తొందరలో జరిపేశాడనుకుని నాగప్ప సరిచేశాడు. జంట పక్కన జంట, చెదరకుండా, రెండు కొసలా ఒకే వరస.

పరీక్షించే చిన్న పెట్టె ఒకటుంటుంది. రెండు కొసలూ దానికి తగిలిస్తే, తీగలు తెగకుండా వరసలో ఉంటే ఎనిమిది దీపాలు ఒకటి తర్వాత ఒకటి వెలుగుతాయి. ఎనిమిదీ వెలిగాయి. కంప్యూటర్లూ నడిచాయి. మెడికల్ షాపులు, పట్టు చీరల కొట్లు, ట్యూషన్ సెంటర్లు... పది అడుగులు, ఇరవై అడుగుల తీగలు. ఇరవై ఏళ్ళకు దగ్గరగా ఆయన అలాగే కట్టాడు, మాకూ అలాగే నేర్పాడు. "చార చెదరకూడదు నాయనా, అంతే," అన్నాడు నాతో మొదటి రోజు. నేను కట్టిన మొదటి కొసను వెలుతురుకు పట్టి చూసి భుజం తట్టాడు.

పోయిన ఏడాది వేలూరులోనే, సత్తువాచారిలో ఒక స్కాన్ సెంటరు పని వచ్చింది. పొడవాటి బిల్డింగు. తీగలన్నీ కలిసే పెట్టె ఒక చివర, ఆరో నంబరు కౌంటరు ఇంకో చివర. మధ్యలో మెట్లు తిరిగి, లిఫ్టు చుట్టూ తిరిగి, దగ్గర దగ్గర తొంభై మీటర్ల తీగ. అంత పొడవు మేం అంతకుముందు ఎక్కడా వెయ్యలేదు.

ఆరో కౌంటర్లో కూచున్న అమ్మాయి పేరు ఎవాంజలిన్. బాగాయం నుంచి వచ్చేది. సెంటరు తెరిచిన వారానికే ఆమె ముందు క్యూ కదలడం మానేసింది. మిగతా కౌంటర్లలో పది మంది పోతే ఇక్కడ ముగ్గురు. స్క్రీను తిరుగుతూ ఉండేది. ఆమె మళ్ళీ నొక్కేది. ఒకే రోగి పేరు రెండుసార్లు ఎక్కేది, ఒకే మనిషికి రెండు టోకెన్లు వచ్చేవి. ఎక్కడెక్కడి నుంచో పొద్దున్నే వచ్చి, కడుపు మాడ్చుకుని నిలబడ్డ మనుషులు. అరిచేవాళ్ళు.

మేనేజరు మమ్మల్ని పిలిచాడు. ఎవాంజలిన్ లేచి నిలబడింది. "సార్, నేను నొక్కుతూనే ఉన్నా. అది పోవట్లేదు," అంది తమిళంలో.

"మిగతా అయిదూ పోతున్నాయి కదమ్మా. నీకొక్కదానికే ఎందుకు పోదు?"

నాగప్ప దీపాల పెట్టెను ఒక కొసకు తగిలించాడు. ఇంకో కొస దగ్గర దాని రెండో ముక్క తగిలించి నేను నిలబడ్డాను. ఎనిమిది దీపాలూ వెలిగాయి. మేనేజరుకు చూపించాడు. "చూడండి సార్, ఒళుంగా, వరసగా ఎలుగుతుండాయి. వైరు మీద తప్పు లేదు."

"మరి?"

నాగప్ప ఆ అమ్మాయి వైపు చూశాడు. చెడ్డ మనిషి కాదు. కానీ ఆ క్షణాన ఏదో ఒకటి చెప్పాలి, చెప్పాడు. "కొత్త పాప గదా సార్. ఇంకా చెయ్యి తిరగల్ల."

ఆ శనివారమే ఆమెను తీసేశారు.

వేరే అమ్మాయి వచ్చింది. రెండు వారాలు గడవకముందే మళ్ళీ ఫోను. ఆరో కౌంటరే. ఈసారి మేనేజరు గొంతులో మర్యాద తగ్గింది.

పాత బస్టాండు దగ్గర పేవ్‌మెంటు మీద కొన్న చినిగిన పుస్తకం ఒకటి అప్పటికి నేను సగం చదివి ఉన్నాను. ఎవరో ఇంజనీరింగ్ పిల్లవాడు అమ్ముకున్నది. అర్థం కాని ముక్కను నాలుగుసార్లు చదివేవాణ్ణి. జంట తీగలను ఒకదాని చుట్టూ ఒకటి ఎందుకు మెలిపెడతారో అందులో ఉంది. ఆ మెలికే వాటికి కాపలా. పక్క జంటలో పోయే మాట దీంట్లోకి పడకుండా అది కాస్తుంది. ప్లగ్గులో మొదటి, రెండో తీగలు కలిసి ఒక మాటను మోస్తాయి. మూడో, ఆరో తీగలు ఇంకో మాటను మోస్తాయి. మూడు, నాలుగు కాదు. మూడు, ఆరు. ఆ రెండూ ఒకే మెలికలోవి కాకపోతే కాపలా లేనట్టే. దగ్గర్లో ఏమీ తెలియదు. దూరం పెరిగే కొద్దీ ఒకదాని మాట ఇంకోదాంట్లో పడి, పంపిందే మళ్ళీ మళ్ళీ పంపాల్సి వస్తుంది. పెట్టె మీద దీపాలు మాత్రం ఎనిమిదీ వెలుగుతాయి.

ఆరో కౌంటరు కింద కూచుని, కంపెనీలో కట్టిన తీగ ఒకటి, మేం కట్టింది ఒకటి పక్కపక్కన పెట్టాను.

"మామా, ఇది చూడు. మూడోది తెల్లపచ్చ, ఆరోది పచ్చ. మనం ఆరోదాంట్లో నీలం పెట్టినాం."

నాగప్ప వంగకుండానే చూశాడు. "అది వాళ్ళ తప్పు. మిషన్లో కట్టేది. మిషనుకు చారేం తెలుసు?"

"అన్ని కంపెనీల మిషన్లకీ ఒకే తప్పు వస్తుందా?"

"నువ్వు చదువుకున్నోడివి. నాలుగు పుస్తకాలు మోసినావు. నువ్వే కట్టు, చూస్తా." వెటకారమే. కానీ టూలు నా చేతిలో పెట్టాడు.

రెండు కొసలూ కోసి, పచ్చజంటను విడదీసి, మూడో చోట, ఆరో చోట పెట్టి నొక్కాను. కొత్త అమ్మాయి ఒక పేరు కొట్టింది. వేలు ఎత్తకముందే టోకెను బయటికి వచ్చింది. ఇంకోటి. ఇంకోటి. అరగంటలో ఆ క్యూ మిగతా క్యూలతో సమానమైంది. "అన్నా, సరి ఆయిపోచ్చు!" అంది ఆ అమ్మాయి తమిళంలో, బాగైపోయిందని నవ్వుతూ.

నాగప్ప చాలాసేపు ఆ టోకెన్ల మిషను వైపే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత నన్ను అడిగాడు. "ఇన్నేండ్లల్లో ఇట్లాంటి కొసలు ఎన్ని కట్టింటా దీపన్?"

నాకు లోపల సంతోషంగా ఉంది. దాచడం ఎందుకు. పదో తరగతి తర్వాత ఎవరూ నన్ను ఏ విషయంలోనూ సరైనవాడని ఒప్పుకోలేదు. ఆ పొగరుతో అన్నాను. "ఆ లెక్కెందుకులే మామా. ఆ పాప సంగతి చూడు. నీ మాటతోనే గదా పొయ్యింది."

ఆయన మొహం ఎలా మారిందో చెప్పలేను. చూడలేదు.

నా ఆలోచన వేరు. పొడవు తీగలు నాలుగైదు మాత్రం సర్వీసు పేరుతో మార్చేసి, నోరు మూసుకుంటే సరిపోతుంది. ఎవరికీ తెలియదు. దారిలో అదే చెప్పాను. నాగప్ప విన్నట్టే ఉన్నాడు. బస్సు దిగేటప్పుడు అన్నాడు. "ఆ పాప ఇల్లు యాడుండాదో కనుక్కో."

ఆదివారం నా బండి మీద బాగాయం వెళ్ళాం. ఎవాంజలిన్ వాకిట్లో నిలబడే మాట్లాడింది, లోపలికి రమ్మనలేదు. నాగప్ప తమిళంలో మొత్తం చెప్పాడు. చార, జంట, మూడు, ఆరు. ఆమెకు అవన్నీ అక్కర్లేదు.

"అంటే నా చెయ్యి తిరగకపోవడం కాదు," అంది.

"కాదు తల్లీ."

"నాకు టైపింగ్ హయ్యర్ ఉందయ్యా. రెండు భాషల్లో. పనికోసం మూడు చోట్లకు వెళ్ళాను. మూడు చోట్లవాళ్ళూ స్కాన్ సెంటరుకు ఫోన్ చేశారు. పిల్ల నిదానం అని సెంటరువాళ్ళు చెప్పారు. ఇప్పుడు మీరొచ్చి వాకిట్లో నిలబడి చెప్తే ఏమొస్తుంది? నోటిమాట. కాగితం మీద రాసివ్వండి."

నాగప్ప నా వైపు తిరిగాడు. ఆ కాగితం మణికంఠన్ చేతికి పోతే ఏమవుతుందో ముగ్గురిలో ఇద్దరికి తెలుసు. నేను తెలుగులో గొణిగాను. "వద్దు మామా. కుర్చీ పోతుంది."

"రాయి."

తమిళంలో రాశాను. తీగలో లోపం వల్ల కౌంటరు నిదానంగా నడిచింది, ఉద్యోగిని తప్పు లేదు. చదివి వినిపించమన్నాడు. వినిపించాను.

"ఎవురు కట్టిన తీగ?"

"అదెందుకు?"

"తీగ దానికదే చెడిపోయిందా? రాయి నాయనా. నాగప్ప కట్టినాడు, తప్పుగా కట్టినాడు, ఆ పొద్దు అబద్ధం జెప్పినాడు."

"అబద్ధం కాదు గదా. నీకు తెలీదు."

"తెలీదని గూడా చెప్పలే గదా."

రాశాను. సంతకం చెయ్యడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. ఎవాంజలిన్ కాగితం తీసుకుని, చదువుకుని, లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. థాంక్స్ చెప్పలేదు. ఎందుకు చెప్పాలి?

తిరుగుదారిలో గుడియాత్తంలో వాళ్ళింట్లోనే తిన్నాను. నాగప్ప భార్య రాజాంబాళ్ అగ్గిపెట్టెలకు లేబుళ్ళు అంటిస్తుంది. మొత్తం విని, జిగురు వేళ్ళు కొంగుకు తుడుచుకుంది. "ఎవురడిగినారప్పా నిన్ను? ఎవురన్నా వచ్చి గొంతు పట్టుకున్న్యారా? నీ కాలు నువ్వే ఇరగ్గొట్టుకుని వచ్చినావు. మిగిలింది ఒక కాలే, అదీ." తర్వాత ఆయన ప్లేట్లో ఇంకో గరిటె అన్నం వేసింది.

ఎవాంజలిన్ ఆ కాగితాన్ని మొదట స్కాన్ సెంటరుకే తీసుకుపోయింది. మేనేజరు చదివి, పాపం అన్నాడట. కానీ ఆమె కుర్చీలో వేరే అమ్మాయి ఉంది, రెండు కుర్చీలు లేవు. కాగితాన్ని ఫోనులో ఫొటో తీసుకుని ఆమెను పంపించేశాడు. ఆ ఫొటో సాయంత్రానికి మణికంఠన్ ఫోనుకు చేరింది, కింద మేనేజరు మాటతో. బిల్డింగు మొత్తం, నలభై రెండు తీగలూ, ఖర్చు మీదే, మళ్ళీ కట్టండి.

మణికంఠన్ మా అందరి ముందే అరిచాడు. "ఎన్నయ్యా ఇది! నా కంపెనీకి నువ్వే కొరివి పెడ్తివే! రాసే ముందు ఒక ఫోను చెయ్యకూడదా?"

"తప్పు నాదే అని రాసినా. నీ పేరు యాడా లేదప్పా."

"చూసేవాళ్ళకు నువ్వు వేరే, నేను వేరేనా? గాంధీ తాత అయిపోదామనుకుంటివా?" తర్వాత నావైపు తిరిగాడు. "దీపన్, ఇంకమీద కొసలు నువ్వే కట్టు. ఆయన లాగుతాడు. ఇష్టముంటే లాగుతాడు, లేకుంటే ఇంటికి పోతాడు."

నాగప్ప జేబులోంచి టూలు తీసి బల్ల మీద పెట్టాడు. వద్దు, ఆయన లేకుండా నేను చెయ్యనని నేను అనగలిగేవాణ్ణి. అలా అనేవాళ్ళు ఉంటారని చదివాను. బల్ల మీది టూలు తీసుకున్నాను.

తర్వాతి ఆదివారం సెంటరు మూసి ఉన్నప్పుడు పని మొదలైంది. పాత కొసలు కోసేసరికి చాలా తీగలు పొట్టివయ్యాయి, మళ్ళీ లాగాల్సి వచ్చింది. నేను కుర్చీలో కూచున్నాను. నాగప్ప నిచ్చెన మీద, నడుము వరకు సీలింగు కన్నంలో.

"వచ్చిందా?" పైనుంచి గొంతు.

"వచ్చింది మామా."

"ఇంకొంచెం వదలనా?"

"చాలు."

ఎనిమిదో తీగ దగ్గర ఆయన గొంతు ఆగిపోయింది. పైకి చూస్తే నిచ్చెన మీద బిగుసుకుని నిలబడి ఉన్నాడు. మోకాలు పట్టేసింది. ఇద్దరం ఎక్కి, చంకల కింద చేతులు వేసి దింపాం. ఒళ్ళంతా చెమట. "ఎక్కేది ఎట్లనో వచ్చేసిందిరా. దిగేదానికే కోచింగ్ కావల్ల," అన్నాడు. ఎవరూ నవ్వలేదు. నా కుర్చీ పక్కన నేల మీద కాలు చాపుకుని కూచుని, నేను కట్టి పడేసిన కొసలను ఊరికే ఒక్కొక్కటి ఎత్తి చూడసాగాడు.

"దీంట్లో నీలం, తెల్లనీలం తిరగబడినాయి," అన్నాడు ఒకటి నా ఒళ్ళో వేసి.

తీసి చూశాను. నిజమే. కోసి మళ్ళీ కట్టాను. కొత్త వరసను ఆయన ఆ వారంలో మూడుసార్లు చూసి ఉంటాడేమో. మధ్యాహ్నం లోపల నావి ఇంకో రెండు తప్పులు అలాగే పట్టాడు, దీపాల పెట్టె దాకా పోకుండా, కంటితోనే. మా ఆరుగురిలో ఆ పని అంత బాగా చెయ్యగలిగినవాడు ఆ రోజుకీ ఆయనే. సాయంత్రం వచ్చిన మణికంఠన్‌కు ఆ మాట చెప్పాలనుకున్నాను. పని ఎంతవరకు వచ్చిందని అడిగాడు. ముప్ఫై ఒకటి అయ్యాయని చెప్పాను.

సోమవారం నాగప్ప రాలేదు. మంగళవారం రాలేదు. ఎవరూ ఫోను చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు.

రెండు నెలల తర్వాత ఎవాంజలిన్ నాకు ఫోను చేసింది. తిరుపత్తూరులో ఒక ల్యాబులో ఉద్యోగం దొరికిందట. రోజూ అంత దూరం బస్సు. కాగితం చూపించారా అని అడిగాను. తీశానంది. "వాళ్ళు పక్కన పెట్టేశారు. ఇక్కడ కూచుని కొట్టి చూపించమన్నారు. కొట్టాను. రేపట్నించి రమ్మన్నారు. అంతే." ఫోను పెట్టేసే ముందు, "ఆ పెద్దాయనకు చెప్పండి," అంది. ఏం చెప్పాలో చెప్పలేదు.

గుడియాత్తం వెళ్ళాను. నాగప్ప గోడకు ఆనుకుని కూచుని, రాజాంబాళ్ పక్కన, లేబుళ్ళు అంటిస్తున్నాడు. ఆమె కంటే నిదానంగా. ఆ పాపకు ఉద్యోగం వచ్చిందని చెప్పాను.

ఆయన చెయ్యి ఆగింది. "కాగితం పనికొచ్చిందా?"

"వచ్చింది మామా. అది చూసే ఇచ్చినారంట."

"సరి," అన్నాడు. "అట్లయితే సరి." ఇంకో అగ్గిపెట్టె తీసుకున్నాడు.

రాజాంబాళ్ నన్ను చూస్తూనే ఉంది. ఆమెకు తెలిసిపోయిందని నాకు అర్థమైంది. లేచి టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. నేను టీకి ఆగలేదు. మధ్యాహ్నం సత్తువాచారిలో ఇంకో బిల్డింగు పని ఉంది.